ఆరిపోయిందనే అనాలి

టీచరుగారు చనిపోయారు.

మొదటి వాక్యం ఇలాగే ఉండాలని పట్టుబట్టి రాస్తున్నాను. అమెరికాలో మేముండే కమ్మింగ్ అనే ఊళ్ళో, మా వీధి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు వచ్చిన రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా సందేశాలు వస్తూనే ఉన్నాయి. స్వర్గస్థులయ్యారని ఒకరు, పరమపదించారని ఒకరు, శివైక్యం చెందారని ఇంకొకరు, మనల్ని విడిచి వెళ్ళారని మరొకరు. ఒకాయన దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. అంతమందిలో ఒక్కరూ ఆవిడ చనిపోయారని రాయలేదు. ఆవిడే బతికుండి ఆ గ్రూపు చూస్తే కళ్ళజోడు ముక్కు మీదికి దింపి, "ఇంతకీ నేను ఎక్కడికి పోయానంటారు? ఒక్కొక్కరు ఒక్కో అడ్రసు ఇస్తున్నారే" అనేవారు.

ఒంగోలు వైపు ఒక ఆడపిల్లల హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఆవిడ కూతురు, అల్లుడు ఉంటారు. వీసా ఒప్పుకున్నన్నాళ్ళు వాళ్ళ దగ్గర ఉండి వెళ్ళేవారు. పేరు రాయడం లేదు. ఈ ఊళ్ళో ఆవిడని పేరుతో పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. పిల్లలకీ పెద్దలకీ టీచరుగారే.

మన తెలుగువాళ్ళం చేదు మాటని నోట్లో పెట్టుకోం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. మంగళసూత్రం తెగితే పెరిగిందంటాం. గుమ్మం దాటేటప్పుడు వెళ్తున్నానంటే అపశకునమని, మళ్ళీ తొక్కదలుచుకోని గడప దగ్గర కూడా వెళ్ళొస్తానంటాం. టీచరుగారు వీటిలో ఒక్కటీ అనేవారు కాదు. మా ఇంటికొచ్చి కాఫీ తాగి, లేచి, "వెళ్తున్నాను" అనేవారు. మా ఆవిడ ప్రతిసారీ ఉలిక్కిపడేది.

"వెళ్ళొస్తాననండి టీచరుగారూ."

"ఎందుకమ్మా, మళ్ళీ కాఫీ పెట్టే ఓపికుందా నీకు?"

మిగతా ఆడవాళ్ళు తాళంచెవులు దోపుకునే చోట ఆవిడ బొడ్లో టెస్టర్ ఉండేది. పిడిలో చిన్న బల్బు ఉండే పాత స్క్రూడ్రైవర్. అమెరికా ఇళ్ళలో దాంతో పనిలేదని అల్లుడు ఎంత చెప్పినా తీసేవారు కాదు. ఇంకో అలవాటు, దేన్నయినా చేతి వెనకవైపుతో ముట్టుకోవడం. కరెంటు వస్తువుని అరచేత్తో ముట్టుకుంటే షాక్ కొట్టినప్పుడు వేళ్ళు ముడుచుకుని దాన్నే పట్టేసుకుంటాయి, అదే చేతి వెనకవైపయితే చెయ్యి దూరంగా పోతుంది అని తరతరాల ఆడపిల్లలకి చెప్పీ చెప్పీ, అది ఆవిడ స్పర్శే అయిపోయింది. మనవరాలి నుదురు, కాఫీ గ్లాసు, మా ఇంట్లో కొత్తగా కొన్న సోఫా, అన్నిటినీ అలాగే పలకరించేవారు. అనుమానం లేకుండా దేనికీ అరచెయ్యి ఇవ్వని మనిషి.

కూతురి ఇల్లు పాతది. చుట్టూ కొత్త ఇళ్ళు లేస్తున్న కాలంలో వాళ్ళు వెతికి వెతికి ఆ పాత ఇల్లు కొన్నారు. కారణం, అది తూర్పు ముఖం. కొత్తవాటిలో తూర్పు ముఖం దొరకలేదట. గుమ్మం ఎటు చూస్తోందో దిక్సూచి పెట్టి చూశారు. గరాజ్ గోడమీద ఆ బూడిదరంగు కరెంటు పెట్టెని మాత్రం ఎవరూ తెరిచి చూడలేదు. ఒక స్టవ్, ఒక ఫ్రిజ్, నాలుగు బల్బులు ఉన్న రోజుల్లో బిగించిన ప్యానెల్ అది. మనవాళ్ళు వచ్చాక ఆ ఇంటికి ఏమేం తగిలించారో చూడండి. పోపు వాసన ఇంట్లోకి రాకుండా గరాజ్‌లో రెండో ఎలక్ట్రిక్ స్టవ్. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చినవి దాచడానికి రెండో ఫ్రిజ్, ఒక ఫ్రీజర్. ఆపైన ఎలక్ట్రిక్ కారు, దానికి గోడమీద చార్జర్. మేడమీద కొత్త ఏసీ. పెట్టె మాత్రం అదే.

ఆవిడ నాకు మొదట తెలిసింది ఆ ఇంట్లో సత్యనారాయణ వ్రతం రోజున. నేను వ్రతాలకు వెళ్ళను, భోజనాలకు వెళ్తాను. పులిహోర మీద నాకు సిద్ధాంతపరమైన అభ్యంతరమేమీ లేదు. నేను వెళ్ళేసరికి హాల్లో కథ ఇంకా నడుస్తోంది, గరాజ్‌లో గారెలు వేగుతున్నాయి. లైట్లు ఒకసారి మసకబారాయి. ఏసీ అందుకునేసరికి కళ్ళు ఆర్పినట్టు ఆరి వెలిగాయి. ఆ వెంటనే సగం ఇల్లు చీకటైపోయింది.

"అయ్యో, సరిగ్గా కథ మధ్యలో కరెంట్ కొండెక్కిందే" అంది పట్టుచీర కట్టుకున్న ఒకావిడ.

"కొండెక్కడానికి అదేమన్నా మేకా తల్లీ?" అని గోడవార కుర్చీలోంచి ఒక గొంతు. "పోయింది. ఎందుకు పోయిందో చూడండి."

అల్లుడు పంచె ఎగ్గట్టి గరాజ్‌లోకి పరుగెత్తాడు. టీచరుగారు వెనకే వెళ్ళారు, తమాషా చూద్దామని నేనూ వెళ్ళాను. అతను చూడకుండానే పెట్టెలో సరైన మీటని పట్టుకుని వేశాడు. బాగా అలవాటైన చెయ్యి.

"ఇలా తరచూ వేస్తుంటారా అల్లుడుగారూ?"

"అప్పుడప్పుడు అత్తయ్యగారూ. పాత ఇల్లు కదా, బ్రేకర్ ట్రిప్ అవుతుంటుంది. రీసెట్ చేస్తే సరిపోద్ది."

"పాత గోడ గడియారానికి కీ ఇచ్చినట్టు ఇస్తున్నారు. బ్రేకర్ పడటం రోగం కాదండీ, థర్మామీటర్ చూపించే జ్వరం. జ్వరం చూపించినప్పుడల్లా థర్మామీటర్ దులిపి పక్కన పెడతామా?"

అతను నవ్వి, లోపలికి వెళ్ళి, పీట మీద కూర్చున్నాడు. కథ పూర్తయింది. గారెలు బాగున్నాయి.

కానీ కథ మధ్యలో చీకటి పడిందన్న మాట కూతురి మనసులో గుచ్చుకుంది. అంతమంది ముందు అలా జరిగిందంటే ఇంట్లో ఏదో దోషం ఉండే ఉంటుందని ముత్తయిదువులు కూడా చెవిలో వేసి వెళ్ళారు. విజయవాడలో ఉన్న ఒక వాస్తు సిద్ధాంతికి వీడియో కాల్ చేశారు. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించారు. ఈశాన్యం మూల అగ్ని ఉంది, అదే దోషం అన్నాడాయన. గరాజ్ ఈశాన్యంలో ఉంది, గరాజ్‌లో పెట్టె ఉంది, పెట్టెలో కరెంట్ ఉంది, కరెంట్ అంటే అగ్ని.

"ఇంతవరకూ ఆయన తప్పు చెప్పలేదయ్యా" అన్నారు టీచరుగారు నాతో. "అగ్ని ఉన్న మాట నిజం. కాకపోతే అది మూలలో లేదు, తీగలో ఉంది."

పరిహారం వచ్చింది. ప్యానెల్ తలుపు మీద రాగిరేకు యంత్రం అతికించారు. దాని మీదుగా తలుపు మొత్తం మూసుకుపోయేంత దేవుడి పటం గోడకి వేలాడదీశారు. ఏ దేవుడో రాయను. ఇక్కడ నా పేచీ దేవుడితో కాదు, మేకుతో. అప్పట్నుంచి బ్రేకర్ పడినప్పుడల్లా అల్లుడు కాళ్ళు కడుక్కుని, పటం దించి, కళ్ళకద్దుకుని, బ్రేకర్ వేసి, పటం మళ్ళీ తగిలించడం మొదలుపెట్టాడు. స్నానం చేయకుండా ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో కట్టడి. హైస్కూల్లో చదువుతున్న మనవరాలు ఇది విని వాళ్ళ అమ్మమ్మని అడిగిందట.

"అమ్మమ్మా, ఫైర్ వస్తే మెయిన్ ఆఫ్ చేయాలంటే, ఫస్ట్ నేను షవర్ చేయాలా?"

ఆ పిల్ల గది సరిగ్గా ఆ గరాజ్ పైన ఉంది. టీచరుగారి గొడవంతా ఆ గది గురించే.

ఒకరోజు ఆవిడ మా ఇంటికొచ్చి, కాఫీ కూడా అడగకుండా, "మీ పెట్టె ఎక్కడుంది?" అన్నారు. బట్టలు ఉతికే గదిలో చూపించాను. చూపించానంటే, చూపించబోయాను. దానికి అడ్డంగా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. వాటినిండా నా పుస్తకాలు, మూఢనమ్మకాల మీద నేనే రాసి, నేనే అచ్చువేయించి, ఎవరూ కొనక మిగిలినవి. ఆవిడ ఒక ప్రతి తీసి అట్ట చూసి, మళ్ళీ అట్టపెట్టె మీద పెట్టారు.

"వాళ్ళు దేవుడి పటం అడ్డం పెట్టారు, నువ్వు హేతువాదం అడ్డం పెట్టావు. లోపల తీగ కాలేటప్పుడు దానికి రెండూ ఒకటేనయ్యా. రెండూ అట్టే."

పుస్తకాలు ఆ పూటే మేడమీదికి చేరాయి. ఆవిడ తలుపు తెరిచి, చేతి వెనకవైపు ఆనించి, చెవి దగ్గరగా పెట్టి, ముక్కుతో గాలి పీల్చి, "చల్లగా ఉంది. మాట్లాడటం లేదు. వాసన లేదు. ఖాళీ గళ్ళు ఉన్నాయి. నువ్వు బతికావు" అని సర్టిఫికెట్ ఇచ్చారు. నేను ఇన్నేళ్ళలో ఎన్నో సభల్లో మాట్లాడాను. మనిషి తన ఇంటిని ఎలా పరీక్షించుకోవాలో అంత తక్కువ మాటల్లో చెప్పిన ఉపన్యాసం వినలేదు.

ఆ సాయంత్రమే, వీధి చివరిదాకా నడుస్తూ అడిగాను. "మాటల మీద మీకెందుకింత పట్టుదల? కొండెక్కిందన్నా ఆరిపోయిందన్నా చీకటి చీకటే కదా."

వీధి చివరికి చేరి వెనక్కి తిరిగాం. తర్వాత చెప్పారు.

"మా ఆయన చనిపోయిన రోజు మా మరిది స్కూలుకి కబురు పంపాడు. అన్నయ్యకి కాస్త నలతగా ఉంది, గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం, రమ్మని. నలతే కదా అని ఇంటికెళ్ళి ఇడ్లీలు వేసి, కారియర్‌లో సర్దుకుని బస్సెక్కాను. చల్లారిపోతాయని కారియర్ ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పి, వేడి ఉందా లేదా అని దారంతా చెయ్యి ఆనించి చూసుకుంటూనే ఉన్నాను. వెళ్ళేసరికి ఆయన ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. వాళ్ళందరికీ పొద్దుటే తెలుసు. బస్టాండులో నాకోసం రిక్షా మాట్లాడినవాడికి కూడా తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. అందరూ జాలితోనే చేశారు. చచ్చిపోయిన మనిషికి ఇడ్లీలు తీసుకెళ్ళానయ్యా నేను."

మాటలో ఏముందని నన్ను అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మెత్తగా చెబితే తప్పేమిటి, అది మన సంస్కారం కదా అంటారు. మెత్తదనం ఎవరికోసమో ముందు చెప్పమంటాను. ఆ మాట చెప్పాల్సిన మనిషి నోటికి సుఖంగా ఉండటానికే గాని, వినాల్సిన మనిషి బాగుకోసం కాదు. నిజం ఎప్పటికైనా తెలుస్తుంది. మెత్తని మాట చేసేదల్లా అది తెలిసేలోగా మనిషి చేయగలిగిన పనిని చేయనివ్వకపోవడం. బియ్యం నిండుకున్నాయన్న ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. కొండెక్కిందన్న దీపానికి నూనె పోసేవాడు లేడు. ఎందుకంటే కొండెక్కడానికి కారణాలుండవు, ఆరిపోవడానికే ఉంటాయి. నూనె అయిపోయిందా, వత్తి మునిగిందా, గాలి కొట్టిందా. ఒక సంగతికి దాని పేరు పెట్టగానే దాని వెనక కారణం బయటపడుతుంది. మనకి భయం ఆ కారణమంటేనే. అందుకే పేరు మారుస్తాం.

శాంతి హోమం ఒక ఆదివారానికి పెట్టుకున్నారు. ముందురోజు శనివారం పొద్దున కూతురు నాకు ఫోన్ చేసింది.

"అంకుల్, మీరొక్కసారి రాగలరా? అమ్మ గరాజ్‌లో కుర్చీ వేసుకుని కూర్చుంది. పటం దించేసింది, యంత్రం పీకేసింది. ఎంత చెప్పినా లేవట్లేదు. రేపు హోమం పెట్టుకుని ఏంటిది అసలు?"

వెళ్ళాను. మడత కుర్చీ ప్యానెల్ ముందు వేసుకుని, రాగిరేకు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పటాన్ని మాత్రం జాగ్రత్తగా లోపల పూజ అరలో పెట్టించారట. ప్యానెల్ తలుపు బార్లా తెరిచి ఉంది. గరాజ్‌లో అగరుబత్తీ పొగ.

"ఆ పొగ ఎందుకు పెట్టావో చెప్పవే ఆయనకి" అన్నారు కూతురితో.

"చేపల వాసన వస్తుంటే పెట్టానమ్మా. పక్కింటివాళ్ళు ఏదో వండుతున్నట్టున్నారు. మనం తినం కదా, కడుపులో తిప్పుతోంది."

"విన్నావా? శాకాహారులింట్లో చేపల వాసనొస్తే పక్కింటి మీద తోశారు. ఇది చేప కాదమ్మా. ప్లాస్టిక్కూ తీగ మీద తొడుగూ వేడెక్కి కాలబోతుంటే ఇలాంటి వాసనే వస్తుంది. మీరు దానికి ధూపం వేస్తున్నారు."

నా చెయ్యి పట్టుకుని, తిప్పి, వెనకవైపు పెట్టె లోపలి ఇనుప కవరుకి ఆనించారు. జ్వరమొచ్చిన పిల్ల నుదురులా ఉంది. దగ్గరికి వంగితే తేనెటీగ గోడలో ఇరుక్కున్నట్టు సన్నటి రొద. ఒక బ్రేకర్ పక్కన గోధుమరంగు మచ్చ.

"ఈ కవరు నేను విప్పను. అది లైసెన్సున్నవాడి పని" అన్నారు. "నా పని చూసి చెప్పడం వరకే. చెప్పాను. వాడిని పిలిచేదాకా లేవను."

అల్లుడు ఇంట్లోంచి వచ్చాడు. పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. మంచివాడు, అత్తగారిని ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ పొద్దున ముఖం ఎర్రగా ఉంది.

"అత్తయ్యగారూ, ఎలక్ట్రీషియన్ని పిలిస్తే ప్యానెల్ అప్‌గ్రేడ్ అంటాడు. పర్మిట్లు, ఇన్‌స్పెక్షన్, పవర్ కంపెనీ వచ్చి లైన్ కట్ చేయడం, అదంతా పెద్ద ప్రాసెస్. రేపు హోమం అయిపోనివ్వండి. మండే రోజు చూద్దాం."

"రేపే కదండీ ఈ పెట్టె మీద ఎక్కువ బరువు పడేది. ఇంటినిండా జనం, ఇక్కడ వంట, పైన ఏసీ, పక్కన కారు. శాంతి చేస్తూ తగలబెడతారా?"

"ఇది నా ఇల్లు అత్తయ్యగారూ."

కూతురు తలొంచుకుంది. నాకు ఎటు చూడాలో తెలియలేదు. అల్లుడి ఇంట్లో ఉండే అత్తగారికి మన సమాజం ఇచ్చిన స్థానమేమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఆ మాట విన్న తర్వాత మామూలు మనిషి చేయగలిగింది లోపలికి వెళ్ళి సూట్‌కేసు సర్దుకోవడం ఒక్కటే.

"మీదే" అన్నారు టీచరుగారు. "అందుకే మీతో చెబుతున్నాను. నాదయితే ఈపాటికి మెయిన్ ఆపేసేదాన్ని. సరే, ఒక్కటడుగుతాను, చెప్పండి. మీ ఆఫీసులో మిషను మీద బరువెక్కువై మాటిమాటికీ ఆగిపోతుంటే సిద్ధాంతికి ఫోన్ చేస్తారా?"

అతను బిగపట్టుకుందామని చూశాడు గాని నవ్వు ఆగలేదు. "ఫైనాన్స్ వాళ్ళకి చేస్తాం అత్తయ్యగారూ. వాళ్ళు ఆయన కన్నా ఎక్కువ పూజలు చేయిస్తారు."

"చేయించి?"

"చేయించి... కెపాసిటీ పెంచుతాం."

"మరి ఇటు చూడండి." కుర్చీలోంచి లేవకుండానే టెస్టర్ కొనతో పెట్టెలోని గళ్ళు పైనుంచి కిందికి చూపించారు, బ్లాక్ బోర్డు మీద పాఠం చూపినట్టు. "ఒక్క గడి ఖాళీ లేదు. ఇది పుట్టినప్పుడు మీ కారు పుట్టలేదు, ఈ రెండో స్టవ్ లేదు. మీరు తగిలించినదల్లా పాపం మోసింది. లైట్లు మసకబారి చెప్పింది, బ్రేకర్ పడి చెప్పింది, వేడెక్కి చెప్పింది, వాసనేసి చెప్పింది. ఒక మాట నా జన్మలో అనలేదు, ఇవాళ అంటాను, ఎందుకంటే ఇవాళ అది అబద్ధం కాదు. ఇది నిండుకుంది అల్లుడుగారూ. నిండిపోయిందన్నా అయిపోయిందన్నా, దీని విషయంలో రెండూ ఒకటే."

అతను మొదటిసారి ఆ పెట్టెకి దగ్గరగా వంగి చూశాడు. మచ్చ మీద వేలు పెట్టబోయి, ఆగి, చెయ్యి తిప్పి, వెనకవైపు ఆనించాడు. వెంటనే తీసేశాడు. తల పైకెత్తి గరాజ్ కప్పు చూశాడు. ఆ కప్పు మీదే తన కూతురి గది. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. చేసింది విజయవాడకి కాదు.

మధ్యాహ్నం వచ్చిన ఎలక్ట్రీషియన్ కవరు విప్పి చూపించాడు. ఒక బ్రేకర్ వెనక ఉన్న లోహపు పట్టీకి కరిగి అతుక్కుపోయి ఉంది. ఇక అది పడే బ్రేకర్ కాదు, ఎంత బరువొచ్చినా పడని బ్రేకర్. దాని తీగ తొడుగు నల్లగా పెళుసెక్కింది. అతను మెయిన్ ఆపేసి, కొత్తది బిగించేదాకా ఈ ఇంట్లో కరెంట్ వెయ్యొద్దన్నాడు. ఆ కొద్దిరోజులు వాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. టీచరుగారు మా వంటింట్లో కూర్చుని, నా పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దారు.

ఇక్కడితో ఆపితే విజయగాథ అయ్యేది. కొత్త ప్యానెల్ వచ్చాక వాయిదా పడిన హోమం ఘనంగా జరిగింది. భోజనాల దగ్గర మాట పుట్టింది. యంత్రం ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఇల్లు ఎప్పుడో పోయేది, ఆ రాగిరేకే కాపాడింది. ఒకరి నోటినుంచి ఒకరి నోటికి గరిటెతో వడ్డించినట్టు సాగింది. టీచరుగారు విస్తరి ముందునుంచి లేచి నిలబడ్డారు.

"కాపాడింది రేకయితే, కొత్త పెట్టె ఎందుకు పెట్టించుకున్నారో ఆ రేకునే అడగండి."

పెద్దావిడ, ఏదో అంటుందిలే అన్నట్టు చూపులు కిందికి దిగాయి. ఆవిడ అల్లుడి వైపు చూశారు. అతనికి తెలుసు. చెయ్యి ఆనించి చూసినవాడు. అతను పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు నడకలో అన్నారు. "నాకు దండలక్కర్లేదయ్యా. ఏం జరిగిందో అది జరిగినట్టు చెప్పమన్నాను, అంతే. రేపు నా మనవరాలు ఇల్లు కొనుక్కునేటప్పుడు గుమ్మం ఎటుందో చూస్తుందా, పెట్టె తలుపు తెరిచి చూస్తుందా? ప్యానెల్ మారింది గాని, అది తేలలేదు."

ఆవిడ తిరుగు ప్రయాణం రోజున కారెక్కుతూ మా ఇద్దరికీ దణ్ణం పెట్టి, "వెళ్తున్నాను" అన్నారు. మా ఆవిడ ఈసారి దిద్దలేదు. ఆవిడ మళ్ళీ రాలేదు.

కూతురు ఇండియా వెళ్ళి, అన్నీ ముగించుకుని తిరిగొచ్చాక వాళ్ళ హాల్లో సంస్మరణ పెట్టింది. నేను కాస్త ముందే వెళ్ళాను. టీచరుగారి పటానికి దండ వేస్తూ నాతో చెప్పింది.

"పిన్ని ఫోన్ చేసి ఫస్ట్ మాటే 'మీ అమ్మ చనిపోయిందే' అంది అంకుల్. సీరియస్ అని కూడా అనలేదు. ఎంత కోపమొచ్చిందో. తర్వాత తెలిసింది, అమ్మే ముందుగా పిన్ని దగ్గర ఒట్టు వేయించుకుందట, నా కూతురికి నలత గిలత అని చెప్పొద్దని. ఫ్లైట్‌లో కూర్చున్నాక కోపం పోయింది. లేకపోతే అంతసేపూ అమ్మ బతికుందనుకుని దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చునేదాన్ని కదా. ఏడవాల్సినదాన్ని ఏడవనైనా ఏడ్చాను."

ఇడ్లీల సంగతి ఆ అమ్మాయికి తెలుసో లేదో నేను అడగలేదు.

జనం వచ్చారు. హాలు నిండింది. పటం ముందు దీపం పెట్టారు. ఒక్కొక్కరు లేచి మాట్లాడారు. దివికేగారు, తనువు చాలించారు, ఆ లోటు తీరనిది. నేను నా వంతు వచ్చినప్పుడు చనిపోయారనే అన్నాను. ముందు వరసలో ఒకాయన నొచ్చుకుని గొంతు సవరించుకున్నాడు. నాకు అలవాటే. ఆవిడ ఆ గరాజ్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్న సంగతి కూడా చెప్పాను. చెబుతుంటే ఎవరో వెనకనుంచి, "అవునవును, అప్పుడు యంత్రమే కదా" అని అందుకున్నారు.

ఏసీ ఆన్ అయింది. లైట్లు మసకబారలేదు. కొత్త పెట్టె కదా. కానీ పటం పైన కప్పులో ఉన్న ఏసీ గాలి నేరుగా దీపం మీదికి దిగింది. మంట వంగి, లేచి, పొగ మిగిలింది.

"అయ్యో," అంది ఒకావిడ లోగొంతుతో, "దీపం కొండెక్కింది చూడండి. టీచరుగారు వచ్చి వెళ్ళినట్టున్నారు."

హాలంతా గుండెల మీద చేతులు వేసుకుంది. కొందరు కళ్ళు మూసుకున్నారు. నేను నోరు తెరవబోయాను.

నాకన్నా ముందు అల్లుడు లేచాడు. అగ్గిపెట్టె తీసుకుని పటం దగ్గరికి నడిచాడు. చెయ్యి పైకెత్తి, వెనకవైపు తిప్పి, గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకున్నాడు.

"ఆరిపోయింది" అన్నాడు, హాల్లో అందరికీ వినబడేలా. "ఏసీ కింద పెట్టాం, అందుకని. మా అత్తయ్యగారైతే యంత్రం సంగతి కూడా ఇలాగే చెప్పమనేవారు. ఆ రోజు ఇల్లు మిగిలింది ఆవిడ కుర్చీలోంచి లేవకపోవడం వల్ల. ఆ దీపం కాస్త ఇటు జరుపుదాం, ఎవరైనా ఒక చెయ్యి వేయండి."